క్యాంపింగ్ సరే, ఆ నీళ్ల సంగతేమిటి?

మిషిగన్‌లో డెట్రాయిట్ శివార్ల నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. కొద్దిగా కుదించి చెబుతున్నాను.

భర్త, పదేళ్ల బాబు, అయిదేళ్ల పాప. వేసవికి కాకినాడ నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నారు. జులైలో లేక్ మిషిగన్ ఒడ్డునున్న లడింగ్టన్ స్టేట్ పార్కులో మూడు రాత్రులు టెంట్ వేసుకుని ఉండడానికి భర్త జనవరిలోనే సైట్ బుక్ చేశారు. అక్కడ బుకింగ్ ఆర్నెల్ల ముందు తెరుచుకుంటుంది, వేసవి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. సైట్ దొరికిందని ఆయన సంబరం అంతా ఇంతా కాదు. మరో రెండు స్నేహితుల కుటుంబాలు పక్క సైట్లలో ఉంటాయి. పిల్లలు రోజులు లెక్కపెడుతున్నారు. అత్తయ్యగారైతే అందరికన్నా హుషారు: "పుష్కరాలకి గట్టు మీద చాపేసుకుని పడుకోలేదా, ఇదెంతమ్మా" అంటున్నారట.

వెళ్లాలని లేనిది ఈవిడ ఒక్కరికే. ఎందుకని అడిగితే రోజుకో కారణం చెబుతున్నారు. మామయ్యగారికి షుగర్ అని ఒకరోజు, బాత్రూమ్ దూరమని ఒకరోజు, పాపకి దోమలు పడవని ఇంకోరోజు. అసలు కారణం ఉత్తరం చివర్లో ఉంది. ఈవిడ పుట్టిల్లు కోనసీమ. ఎనిమిదో తరగతిలో ఉండగా పెదనాన్నగారి అబ్బాయి గోదావరిలో స్నానానికి దిగి మునిగిపోయాడు. అప్పుడు ఈవిడ ఒడ్డునే ఉన్నారు. "అన్నయ్య ఆడుకుంటున్నాడనుకున్నాం. అరవలేదు, చెయ్యి ఊపలేదు" అని రాశారు. ఈ సంగతి భర్తకి పైపైన తెలుసుగానీ, తను అక్కడే ఉన్నానన్నది ఇంతవరకూ చెప్పలేదు.

పోయిన వేసవిలో మరో బీచ్‌లో బాబు గాలి నింపిన ట్యూబ్ మీద పడుకుని ఆడుకుంటుంటే, గాలికి అది లోపలికి కొట్టుకుపోయింది. ప్యాడిల్ బోర్డు మీద ఉన్న ఎవరో తెలియని మనిషి వాణ్ని తీసుకొచ్చి ఒడ్డున వదిలారు. "ఏం కాలేదుగా" అన్నారు భర్త. ఈమధ్య స్నేహితుల ఇంట్లో ఆయన "మా ఆవిడకి బాత్‌టబ్ అన్నా భయమే" అంటే అందరూ నవ్వారు. బాబు కూడా నవ్వాడు. ఆ రాత్రి ఈవిడ అన్నం తినలేదు. ఇక సామాన్లు సర్దడం, అంతమందికి వండడం ఎలాగూ తన మీదే పడతాయి. పళ్ల బిగువున వెళ్లి రావాలా, వాళ్లని పంపి ఇంట్లో ఉండిపోవాలా, గొడవైనా సరే క్యాన్సిల్ చేయించాలా అని అడుగుతున్నారు.

*

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ రెండు ముక్కలే: అరవలేదు, చెయ్యి ఊపలేదు. మునుగుతున్న మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని చాలామంది అనుకుంటారు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటే ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు, ఇక అరిచేదెప్పుడు? చేతులు ఊపడానికి లేవవు. నీటిని కిందికి నొక్కుతూ తల పైకి తేవడానికే ప్రయత్నిస్తుంటాయి. పక్కనున్నవాళ్లకి అది ఆటలాగే కనిపిస్తుంది. కొన్ని క్షణాల్లో అంతా అయిపోతుంది. ఈ విషయం మీ మూడు కుటుంబాల్లో కళ్లారా చూసి తెలుసుకున్నది బహుశా మీరొక్కరే. కాబట్టి మీరు పిరికివారని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ ఒడ్డున పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడానికి మీకన్నా తగినవారు లేరు.

అయితే ఇప్పుడు మీ భయం చెదిరిపోయి ఉంది. అది టెంట్ మీదకీ, దోమల మీదకీ, మామయ్యగారి షుగర్ మీదకీ పోతోంది. మీరు ఒక కారణం చెప్పగానే మీ వారు దానికో పరిష్కారం తెస్తారు. దోమలంటే స్ప్రే కొంటారు, బాత్రూమ్ అంటే దగ్గరి సైట్ చూపిస్తారు. అప్పుడు మీరు ఇంకో కారణం వెతుక్కోవాలి. కొన్నాళ్లకి మీరు ఊరికే వంకలు పెడుతున్నారన్న పేరు వస్తుంది. అసలు విషయం మాత్రం ఎవరూ తాకకుండా అలాగే ఉండిపోతుంది. ముందు ఆ నీళ్ల గురించే సూటిగా మాట్లాడుకుందాం.

మీ వారు ఆ సరస్సుని ఊరి చెరువు కన్నా కాస్త పెద్దది అనుకుంటున్నట్టున్నారు. లేక్ మిషిగన్ పొడవు 307 మైళ్లు, వెడల్పు 118 మైళ్లు, అత్యంత లోతైన చోట 923 అడుగులు. లడింగ్టన్ ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు, అది విస్కాన్సిన్. పడమటి గాలి అంత దూరం నీటి మీదుగా వచ్చి అలల్ని పెంచుతుంది. ఆ అలలు ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వస్తాయి. ఒకటి తగిలి పడ్డవాడు లేచేలోపు రెండోది మీద పడుతుంది.

ఇంకో సంగతి ఇసుక మేటలు. పిల్లవాడు నడుచుకుంటూ వెళ్తాడు. మోకాలి లోతు, నడుము లోతు, మళ్లీ మోకాలి లోతు వస్తుంది. అంతా మెరకే అనుకుని అక్కడ ఆడుకుంటాడు. ఒడ్డుకి, ఆ మేటకి మధ్య గాడి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు వాడు వచ్చిన చోటే నడవాలని లేదు. ఒడ్డుకి చేరిన నీళ్లు తిరిగి లోపలికి పోయేది కూడా మేటల మధ్య సందుల్లోంచే. అలలు గట్టిగా ఉన్న రోజున ఆ సందులో చిక్కితే పెద్దవాళ్లు కూడా ఎదురీదలేరు. నీళ్లలోకి కట్టిన రాతి గోడలు, పియర్ల పక్కన ఆ లాగుడు ఇంకా ప్రమాదం. లడింగ్టన్ ఊళ్లో బీచ్ పక్కన అలాంటి పెద్ద గోడ ఉంది, చివర లైట్‌హౌస్. ఫొటోల కోసం అందరూ దాని మీద నడుస్తారు. అలలు పైకి ఎగిరే రోజున దాని మీదకి వెళ్లొద్దు, దాని పక్కన నీళ్లలోకి అసలే దిగొద్దు. ఈ సరస్సులో ఏటా పదుల సంఖ్యలో ప్రాణాలు పోతున్నాయి, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు.

పోయినేడు మీ బాబు విషయంలో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. గాలి ఒడ్డు మీద నుంచి సరస్సు లోపలికి వీచిన రోజున ఒడ్డున నీళ్లు అద్దంలా ఉంటాయి. అలలే ఉండవు కాబట్టి అందరికీ ధైర్యం వస్తుంది. అలాంటి రోజునే ట్యూబులు, గాలి పరుపులు చూస్తుండగానే దూరమైపోతాయి. పైనున్న వెచ్చని నీటిని కూడా ఆ గాలి తోసేస్తుంది, కింద నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. నిన్న హాయిగా స్నానం చేసిన నీళ్లు ఇవాళ ఎముకలు కొరికేలా ఉండొచ్చు. అంత చల్లని నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. "వాడికి ఈత వచ్చుగా" అన్న మాట స్విమ్మింగ్ పూల్ వరకే. పూల్లో కింద గచ్చు కనిపిస్తుంది, గోడ చేతికి అందుతుంది, నీరు వెచ్చగా ఉంటుంది. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. ఆరోజు ఏం కాకపోవడానికి కారణం ఆ ప్యాడిల్ బోర్డు మనిషి సమయానికి అక్కడ ఉండడమే.

మీకు బహుశా ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఆ పార్కులో నీళ్లు రెండు రకాలు. దాదాపు 5,300 ఎకరాల పార్కు అది, లేక్ మిషిగన్‌కీ హామ్లిన్ లేక్‌కీ మధ్య పరుచుకుని ఉంది. హామ్లిన్ లేక్ పూర్వం కలప వ్యాపారం సాగిన రోజుల్లో నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడినది. దానికీ చిన్న బీచ్ ఉంది. అక్కడ ఒడ్డు పక్కన లోతు తక్కువ, నీరు వెచ్చన, పెద్ద సరస్సులో అలలు లేచిన రోజున కూడా ఇక్కడ నెమ్మదిగా ఉంటుంది. ఈ రెంటినీ కలిపే బిగ్ సేబుల్ నది మీద జనం ట్యూబుల్లో తేలుతూ వెళ్లడం అక్కడ మామూలే. పాప వయసు పిల్లలకి నేనైతే మొదటి రోజు హామ్లిన్ వైపే చూపిస్తాను. చిన్న సరస్సు కాబట్టి ఫరవాలేదని కన్ను తిప్పుకోమని మాత్రం కాదు. అయిదేళ్ల పిల్ల మునగడానికి నడుము లోతు చాలు.

ఇక లేక్ మిషిగన్ బీచ్‌లో జెండాలు ఉంటాయి. పచ్చ అంటే అలలు తక్కువ, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే దిగొద్దు, రెండు ఎర్ర జెండాలు అంటే దిగడం నిషేధం. మిషిగన్ స్టేట్ పార్కుల బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. మన ఊరి నుంచి వచ్చినవాళ్లు, కొత్తగా వెళ్లేవాళ్లు ఇది ఊహించరు. అంత పెద్ద బీచ్, అంత జనం ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూస్తూ ఉంటారనుకుంటారు. చూడాల్సింది మీరే. అందుకని వంతులు వేసుకోండి. ఒక మనిషి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ జేబులోంచి తీయకూడదు, మందు ముట్టకూడదు, కబుర్లలో పడకూడదు, కుర్చీ నీళ్లకి ఆనుకుని ఉండాలి. మూడు కుటుంబాల పెద్దలున్నారు, ఎవరికీ భారం కాదు. "అందరం ఇక్కడే ఉన్నాంగా" అన్నచోట ఎవరూ చూడరని మీకన్నా బాగా ఎవరికి తెలుసు?

బాబుకి నేర్పాల్సింది ఒకటుంది. నీరు లాగేస్తుంటే ఎదురీదొద్దు. వెల్లకిలా తిరిగి తేలు, ఊపిరి కుదుటపడనీ, నీరు ఎటు తీసుకుపోతోందో చూడు, లాగుడు తగ్గాక ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదు, ఆ తర్వాతే ఒడ్డుకి రా. ఇది పూల్లోనే ఆటలాగా చేయించండి, నాన్న చేత చేయిస్తే ఇంకా మంచిది.

ఇసుక దిబ్బల గురించి మీరు రాయలేదుగానీ పిల్లల ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది. ఎక్కడం, దొర్లడం, దిగుతూ పరుగెత్తి నేరుగా నీళ్లలో పడడం. ఆ చివరిదొక్కటీ వద్దని ముందే చెప్పాలి. లోతైన గోతులు, సొరంగాలు తవ్వనివ్వకండి. పొడి ఇసుక గోడ కూలితే లోపలున్న పిల్లవాణ్ని తీయడం చాలా కష్టం. గడ్డి మొలిచిన చోట నడవకూడదు, ఆ గడ్డి వేళ్లే దిబ్బని పట్టుకుని ఉంచుతాయి. తొక్కితే చచ్చిపోతుంది, తర్వాత గాలికి దిబ్బ తరిగిపోతుంది. తాడు కట్టిన చోట లోపలికి వెళ్లొద్దు, పైపింగ్ ప్లవర్ అనే చిన్న పిట్ట అక్కడ ఇసుకలోనే గుడ్లు పెడుతుంది, ఈ పెద్ద సరస్సుల ప్రాంతంలో అది అంతరించిపోయే దశలో ఉంది. మధ్యాహ్నం ఎండకి ఇసుక కాలుతుంది, మామయ్యగారికి షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తక్కువైతే కాలిందని కూడా తెలియదు. ఆయన చెప్పులు విప్పకుండా చూడండి.

పెద్దవాళ్ల సంగతి నిజానికి మీరు భయపడినంత కష్టం కాదు. సైట్‌కి ఆరుగురే ఉండాలి, మీరు సరిగ్గా ఆరుగురు. కింద పరుపు కన్నా మడత మంచం కొనండి, మోకాళ్లకి తేడా తెలుస్తుంది. జులైలో కూడా అక్కడ రాత్రిళ్లు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగుతుంది, కాకినాడ నుంచి వచ్చినవాళ్లకి అది మాఘమాసం చలి. స్వెట్టర్లు, రగ్గులు, చెవులకి మఫ్లర్ తీసుకెళ్లండి. ఇన్సులిన్ వాడుతుంటే ఐస్‌కి నేరుగా తగలకుండా కూలర్లో విడిగా పెట్టండి. పాత లైట్‌హౌస్ చూడాలని అత్తయ్యగారు పట్టుపడితే ముందే చెప్పండి: 1867లో కట్టిన ఆ బిగ్ సేబుల్ లైట్‌హౌస్‌కి మామూలుగా కారు పోదు, పార్కులోంచి ఒక వైపుకే సుమారు రెండు మైళ్లు నడవాలి, పైకి ఎక్కాలంటే 130 మెట్లు. దానికి బదులు పార్కులోకి వచ్చే రోడ్డు సరస్సు ఒడ్డు వెంటే ఉంటుంది, పక్కన కారు ఆపుకోవచ్చు. సాయంత్రం అక్కడ కుర్చీలు వేయించండి. జులైలో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అత్తయ్యగారికి అదొక వింత.

ఇప్పుడు చాకిరీ. దీన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు మాత్రం ఇది చిన్న విషయంగా అనిపించలేదు. మన కుటుంబాలు కలిసి క్యాంపింగ్‌కి వెళ్తే మగవాళ్లు టెంట్ వేసి, కట్టెలు రాజేసి, కుర్చీల్లో కూర్చుంటారు. ఆడవాళ్లు వారం ముందు నుంచి పులిహోర, చపాతీలు, మసాలా కట్టిన చికెన్ అంటూ మొదలుపెట్టి, అక్కడికెళ్లాక పొయ్యి దగ్గరే నిలబడతారు. నాలుగు గంటల పైన ప్రయాణం చేసి వెళ్లి మీరు మూడు రోజులూ గిన్నెలు కడుగుతుంటే, పిల్లల మీద మీ కన్ను ఎలా ఉంటుంది? మీ భయానికీ, మీ పనికీ సంబంధం ఇదే. వండుతున్న మనిషి నీళ్లవైపు చూడలేదు. కాబట్టి వంట పంచమని అడగడం సుఖం కోసమని ఎవరూ అనలేరు. పూటకో కుటుంబం అనుకోండి. మీ వంతు వచ్చిన పూట మీ వారు వండాలి, మీరు ఒడ్డున ఉంటారు. అత్తయ్యగారు "వాడు వండడమేమిటి" అంటే ఆయనే సమాధానం చెప్పాలి, మీరు కాదు.

చిన్న చిన్నవి కొన్ని. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి, అక్కడే దగ్గర్లో కొనండి. యాష్ చెట్లని తినేసే పచ్చ పురుగు 2002లో మీ డెట్రాయిట్ దగ్గరే బయటపడింది, కట్టెలతోపాటే అది ఊళ్లు దాటింది. రాత్రి తిండి ఏదీ బయట ఉంచొద్దు, కూలర్‌తో సహా కార్లో పెట్టి తాళం వేయండి, లేకపోతే రకూన్లు వస్తాయి. రాత్రి పది నుంచి నిశ్శబ్దంగా ఉండాలన్నది నియమం. మన అంత్యాక్షరి పదింటికి ముగించాలి. ఇసుకలో మామూలు టెంట్ మేకులు నిలవవు, ఇసుక కోసం ప్రత్యేకంగా ఉండే పొడవాటి వెడల్పు మేకులు కొనండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ నవ్వు. మీ మనసు నొచ్చుకుందన్నది ఒకటి. నాకు అంతకన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది బాబు కూడా నవ్వడం. అమ్మ మాట అంటే నవ్వుకోవాల్సిన మాట అని వాడికి తండ్రి నేర్పుతున్నాడు, తెలియకుండానే. రేపు ఒడ్డున నిలబడి మీరు "బయటికి రా" అని కేకేస్తే వాడు నాన్న వైపు చూస్తాడు. నాన్న నవ్వితే వాడు రాడు. ఆ ఒక్క నిమిషమే చాలు, ఏం జరగడానికైనా. మీ వారితో మాట్లాడేటప్పుడు "మీరు నన్ను అవమానించారు" దగ్గర మొదలుపెడితే ఆయన "సరదాకన్నాను" అంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. ఇలా మొదలుపెట్టి చూడండి: "మీరు నవ్వినప్పుడు వాడూ నవ్వాడు. నీళ్ల దగ్గర నేను పిలిస్తే వాడు రావాలి. అది మీ చేతిలోనే ఉంది." ఆ తర్వాత అన్నయ్య గురించి చెప్పండి, మీరు ఆ ఒడ్డున ఉన్నారన్నది కూడా. ఇన్నేళ్లుగా చెప్పకపోవడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది, నేను అడగను. ఆయన హేళన చేస్తున్నది దేన్నో ఆయనకే తెలియదు. తెలిశాక కూడా నవ్వే మనిషిలా మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. కారులోనో, అత్తయ్య మామయ్యల ముందో వద్దు. పిల్లలు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి.

ఇక మీరడిగిన దారులు.

పళ్ల బిగువున వెళ్లడం నాకు అన్నింటికన్నా నచ్చనిది. మాట్లాడకుండా వెళ్తే మూడు రోజులూ మీరు "అక్కడికెళ్లకు, ఇక్కడికెళ్లకు" అని అరుస్తూనే ఉంటారు, వాళ్లు నవ్వుతూనే ఉంటారు. అరిచి అరిచి మీ గొంతు విలువ తగ్గిపోతుంది. నిజంగా అరవాల్సిన క్షణంలో అది పనిచేయదు.

ఇంట్లో ఉండిపోతే ఆ మూడు రోజులు ఫోన్ మోగినప్పుడల్లా మీ గుండె ఆగుతుంది. పిల్లల దగ్గర మీ కన్ను ఉండదు. పైగా వచ్చే ఏడాది నుంచి "అమ్మ రాదులే" అన్నది ఇంట్లో మామూలైపోతుంది, మీకు తెలియకుండానే వాళ్ల వేసవుల నుంచి మీరు తప్పుకుంటారు. ఒక్క లాభం ఉంది, మూడు రోజులు విశ్రాంతి. మీకు ఆ విశ్రాంతి దొరుకుతుందని నేననుకోను.

క్యాన్సిల్ చేస్తే కొంత రుసుము పోతుంది, సైట్ ఇంకెవరికో క్షణాల్లో వెళ్లిపోతుంది. ప్రపంచం మునిగిపోదు. కానీ కారణం చెప్పకుండా క్యాన్సిల్ చేయిస్తే పిల్లల ఏడుపూ, మీ వారి కోపమూ మీ మీదే ఉంటాయి. కారణం చెప్పి, ఆయన అర్థం చేసుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటే వేరే సంగతి. ఆనాటి సంగతి పీడకలై ఇప్పటికీ నిద్రలోంచి లేపేస్తుంటే, నీళ్లని తలుచుకుంటేనే ఊపిరాడనట్టు ఉంటే, ఈ ఏడాది వద్దనుకోవడం తప్పు కాదు. ఆ వేసవిని మీ కోసం ఒక కౌన్సిలర్ దగ్గర గడపండి. చిన్నప్పుడు కళ్లముందు చావు చూసినవాళ్లకి సాయం చేయడం తెలిసినవాళ్లు ఉన్నారు.

షరతులతో వెళ్లడం ఇంకో దారి. షరతులంటే ఇవి: వంతులు, జెండాలు, లైఫ్ జాకెట్లు, ట్యూబులు హామ్లిన్ వైపు మాత్రమే, అదీ పెద్దవాళ్ల చెయ్యి వాటి మీద ఉంటేనే, వంట పంచడం, మీరు రమ్మంటే పిల్లలు వెంటనే రావడం. దీనికి ఖర్చు ఏమిటంటే, మిగతా రెండు కుటుంబాలతో కూడా ముందే మాట్లాడాలి. "ఏంటీ రూల్సు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ షరతులు మీ వారి నోటి నుంచి వెళ్లాలి, మీ నుంచి కాదు. ఆయన ఈ షరతులకి ఒప్పుకోకపోతే మాత్రం పిల్లల్ని పంపనని చెప్పే హక్కు మీకుంది. దాని మీద గొడవైతే అవనివ్వండి.

మధ్యే మార్గాలు కూడా ఉన్నాయి. మీరూ అత్తయ్య మామయ్యలూ రాత్రిళ్లు లడింగ్టన్ ఊళ్లో మోటెల్‌లో ఉండి, పగలు పార్కుకి రావచ్చు. సుమారు ఎనిమిది మైళ్ల దూరం. జులైలో గదులు ఖరీదు, దొరకడం కష్టం, పైగా పుష్కరాల గట్టు కబుర్లు చెబుతున్న అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారు. నాకు ఇంకా నచ్చినది వేరే ఉంది. లడింగ్టన్ కన్నా ముందు ఒక్క రాత్రి మీ ఇంటికి దగ్గర్లో, పాంటియాక్ లేక్‌కో హాలీకో వెళ్లి రండి. రెండు చోట్లా క్యాంపింగ్ ఉంది, చిన్న సరస్సూ ఉంది. టెంట్ ఎలా నిలబడుతుందో, మామయ్యగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, వంతులు నిజంగా పాటిస్తారో లేదో అక్కడే తేలిపోతుంది. కుదరకపోతే అర్ధరాత్రి అయినా కారెక్కి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ ఒక్క రాత్రి చూశాక లడింగ్టన్ గురించి నిర్ణయించుకోండి.

మీరు ఈత నేర్చుకోవాలా అని కూడా ఒక చోట అడిగారు. ఈ జులై కోసం వద్దు. నాలుగు వారాల్లో నేర్చిన ఈతతో ఆ నీళ్లలోకి ఎవరి వెనకా దూకకూడదు, నేర్చినా దూకకూడదు. ఎవరైనా చిక్కుకుంటే 911కి ఫోన్ చేయండి, తేలేది ఏదైనా విసరండి, కూలర్ మూత అయినా సరే. మీ కోసం నేర్చుకోవాలనిపిస్తే చలికాలంలో మీ ఊరి కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దవాళ్ల క్లాసులో చేరండి. నీటి భయం ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పే చోట్లు ఉంటాయి, అడిగి చూడండి.

ఏ దారి పట్టినా లైఫ్ జాకెట్లు మాత్రం ఈ వారమే కొనండి. చేతులకి తొడిగే గాలి బుడగలు, ట్యూబులు వాటికి బదులు కావు. కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్నట్టు లోపల లేబుల్ మీద ఉంటుంది, ఏ బరువు పిల్లలకో కూడా అక్కడే రాస్తారు. పాపకి మెడ వెనక కాలర్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది తీసుకోండి. షాపులోనే తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దగ్గరికి వచ్చేస్తే వదులన్నమాట, ఒక సైజు తక్కువది అడగండి. బాబు "నాకొద్దు, చిన్నపిల్లల్లా ఉంటుంది" అంటాడు. మీ వారిని కూడా ఒకటి కొనుక్కుని వేసుకోమనండి.